ఎండాకాలం బిల్లు ఎందుకు పెరిగింది? మీటరు టెస్టా, నోట్‌బుక్కా: ఏది మేలు?

మే నెల కరెంటు బిల్లులు వచ్చాయంటే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని మా బల్లార్షా గల్లీలో వారం రోజులు ఒకటే ముచ్చట. "అక్కా, జర ఇది చూడు. చలికాలం ఎనిమిది వందలు కట్టిన, ఇప్పుడు మూడు వేలొచ్చింది. మీటరు ఖరాబైందా ఏంది?" బిల్లు మరాఠీలో ఉంటుంది, నాకు చదవడం వచ్చు కాబట్టి నా దగ్గరికి వస్తారు. అందరి ప్రశ్నా ఒకటే: మీటరు టెస్టింగ్‌కు అర్జీ పెట్టాలా, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలా, లేక ఇంట్లోనే ఏదైనా చూసుకోవచ్చా?

నేనూ ఒక ఎండాకాలం ఇదే అవస్థ పడ్డాను కాబట్టి చెప్తున్నాను. ముందే ఒప్పుకుంటాను, నా మొగ్గు నోట్‌బుక్కు వైపే, అంటే రోజూ మీటరు అంకె మనమే రాసుకుని చూసుకోవడం. అయినా మిగతా దారులకూ వాటి వేళ ఉంటుంది.

ఏ దారి పట్టినా ముందు బిల్లు తిప్పి చూడాలి. రూపాయలు కాదు, యూనిట్లు. 'చాలూ రీడింగ్' (ఇప్పటి అంకె)లోంచి 'మాగీల్ రీడింగ్' (కిందటిసారి అంకె) తీసేస్తే వచ్చేవే మనం కాల్చిన యూనిట్లు. రీడింగ్ తీసిన రోజు ఇంటికి తాళం ఉంటే సగటు బిల్లు వేస్తారు, ఆ తేడా అంతా తర్వాతి నెల మీద పడుతుంది. అప్పుడు పెరిగింది వాడకం కాదు, పాత బాకీ. ఇంకొకటి, మే నెలను ఏప్రిల్‌తో పోల్చొద్దు, నిరుడు మే నెలతో పోల్చాలి. గడిచిన పన్నెండు నెలల వాడకం బిల్లు మీదే ఉంటుంది, మనమే చూడం.

ఎండాకాలంలోనే ఇంకో కాగితం కూడా వస్తుంది, అదనపు సెక్యూరిటీ డిపాజిట్‌ది. నెల నెలా బిల్లు కట్టేవాళ్ల డిపాజిట్ రెండు నెలల సగటు బిల్లంత ఉండాలి. నిరుడు వాడకం పెరిగి ఉంటే తక్కువ పడిన మొత్తం కట్టమంటారు. రెండు కాగితాలూ కలిపి "బిల్లు ఐదు వేలొచ్చింది" అని గుండెలు బాదుకున్నవాళ్లను ఇద్దరిని చూశాను.

ఇక అసలు దెబ్బ స్లాబుది, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్లది. మా ఇంటి లెక్కే చెప్తాను. 2025 ఫిబ్రవరిలో 96 యూనిట్లు, మేలో 290. మూడింతలు. కానీ బిల్లు నాలుగింతలు దాటింది. అప్పటి మహారాష్ట్ర టారిఫ్‌లో మొదటి 100 యూనిట్లకు యూనిట్ 4.71 రూపాయలు, 101 నుంచి 300 దాకా 10.29. ఫిబ్రవరిలో 'వీజ్ ఆకార్' (యూనిట్ల ఖరీదు) 452 రూపాయలు అయితే మేలో 2,426. దాని మీద యూనిట్‌కు 1.17 'వహన్ ఆకార్' (కరెంటు మోసుకొచ్చిన ఛార్జీ), ఆపైన 16 శాతం 'వీజ్ శుల్క్' (కరెంటు సుంకం). 2025 జూలై నుంచి రేట్లు మారాయి గానీ 100 యూనిట్ల దగ్గర గోడలా ఉన్న ఆ మెట్టు అట్లనే ఉంది. రాయగడలో ఉండే మా పిన్ని కొడుకు "మాకు ఇంత పెరగదే" అంటాడు. నిజమే, ఒడిశాలో మెట్లు చిన్నవి. 2023-24 టారిఫ్‌లో మొదటి 50 యూనిట్లు 3 రూపాయలు, 200 దాకా 4.80, 400 దాకా 5.80. అక్కడ నిచ్చెన, ఇక్కడ గోడ. అందుకే చంద్రపూర్ జిల్లాలో "ఇంత బిల్లెట్ల వస్తది" అన్న ప్రశ్నకు సగం జవాబు బిల్లు వెనకే ఉంటుంది. మిగతా సగం, అంటే ఆ అదనపు 194 యూనిట్లు ఎటు పోయాయో బిల్లు చెప్పదు. దానికోసమే ఈ దారులన్నీ.

మీటరు టెస్టు సంగతి. అందరికీ మొదట తట్టేది ఇదే, ఎందుకంటే తప్పు మనది కాకుండా పోతుంది. మీకు హక్కు ఉంది, కాదనను. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో చేసిన సవరణ ప్రకారం, వాడకానికీ రీడింగ్‌కూ పొంతన లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టాలి, కనీసం మూడు నెలలు రెండూ పోల్చి చూడాలి. మంచి నియమమే. కానీ మూడు నెలలంటే మే పోయి ఆగస్టు వస్తుంది, ఎండలు పోతాయి, కూలర్ అటకెక్కుతుంది. ఈలోపు బిల్లు కట్టక తప్పదు. పైగా మీటరు సరిగ్గానే ఉందని తేలితే యూనిట్లు ఎటు పోయాయన్న ప్రశ్న మళ్లీ మొదటికే వస్తుంది. ఎండకు మీటరు జోరుగా తిరుగుతుందన్నది పాత చక్రం మీటర్ల నాటి నుంచి వస్తున్న మాట. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లో తిరగడానికి చక్రమే లేదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలవడం రెండోది. వస్తాడు, టెస్టర్ పెట్టి చూస్తాడు, "వైరింగ్ పాతది, మొత్తం మార్చాలి" అంటాడు. ఏం వెతకాలో మనకు తెలిశాక పిలిస్తే ఉపయోగం, అంతకుముందు దండగ.

స్మార్ట్ మీటరు బిగించిన ఇళ్లవాళ్లకు ఫోన్లోనే రోజువారీ లెక్క కనిపిస్తుంది. వాళ్లకు ఈ గోలంతా అక్కర్లేదు.

ఇక నోట్‌బుక్కు. పిల్లల పాత రఫ్ బుక్కు, ఒక పెన్ను, మీటరు పెట్టె పక్కన మేకుకు దారంతో కట్టి వేలాడదీశాను. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు, పడుకునే ముందు పదికి, మూడుసార్లు అంకె రాయడం. మొదటి నాలుగు రోజులు ఏమీ అర్థం కాలేదు. రోజుకు తొమ్మిది, తొమ్మిదిన్నర, పది. కూలరే తింటోందని మా ఆయన. "నువ్వు మధ్యాహ్నం టీవీ ముందు కూర్చునుడు బంద్ చెయ్యి" అని మా అత్తమ్మ. మా అందరి మీదా మాకు అనుమానమే.

ఐదో రోజు సిరోంచలో పెండ్లి. ఇంటికి తాళం వేసి రెండు రోజులు పోయాం. కూలర్ లేదు, ఫ్యాన్లు లేవు, టీవీ వైరు పీకేసి పోయాను. ఫ్రిజ్‌లో పాలు, ఊరగాయలు ఉన్నాయని అదొక్కటే ఉంచాం. తిరిగొచ్చి చెప్పులు విడవకముందే మీటరు చూశాను. ఏడు యూనిట్లు. ఎవరూ లేని ఇంట్లో, రెండు రోజుల్లో ఏడు.

మీటరు మీద ఎర్ర బల్బు ఒకటి మినుకు మినుకుమంటూ ఉంటుంది, చూసే ఉంటారు. దాని పక్కన 3200 ఇంప్ పర్ కిలోవాట్ అవర్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. 3200 అంటే ఆ బల్బు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. నిమిషానికి ఒక్క మెరుపంటే దాదాపు 19 వాట్లు. 1600 రాసి ఉంటే రెట్టింపు. ఇది తెలిస్తే చాలు, ఏ పరికరం కొనక్కర్లేదు. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్కటి మాత్రం నడిపి, ఫోన్లో నిమిషం పెట్టుకుని మెరుపులు లెక్కపెట్టాలి. మా పాత సీలింగ్ ఫ్యాన్‌కు నాలుగు మెరుపులు, అంటే 75 వాట్లు. కూలర్‌కు పంపుతో కలిపి పదకొండు. ఫ్రిజ్‌కు ఎనిమిది, అంటే 150 వాట్లు.

150 వాట్లే కదా, కూలర్ కంటే తక్కువే కదా అంటారు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. కూలర్ మనం ఆపితే ఆగుతుంది. ఫ్రిజ్ తనంతట తాను ఆగాలి. చల్లబడ్డాక కంప్రెసర్ కాసేపు పండుకోవాలి, మళ్లీ లేవాలి. నేను స్టూలు వేసుకుని అరగంట కూర్చున్నాను, అది పండుకుంటలేదు. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. రాత్రి పదకొండుకు చూసినా ఎనిమిదే. ఇరవై నాలుగు గంటలూ అదే తీరుగా నడిస్తే రోజుకు 3.6 యూనిట్లు. రెండు రోజులకు ఏడు. లెక్క కుదిరింది.

కారణం మా చేతిదే. మార్చిలో కూలర్‌కు కిటికీ కావాలని ఫ్రిజ్‌ను వంటింట్లోకి జరిపాం. పైన రేకులు, వెనక పడమటి గోడ, గోడకు ఆనించి పెట్టాం. పగలు 46 డిగ్రీల ఎండ తాగిన గోడ రాత్రంతా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. ఫ్రిజ్ చేసే పని లోపలి వేడిని వెనకనుంచి బయటికి తోయడం, బయట అంతకంటే వేడి ఉంటే ఎక్కడికి తోస్తుంది? దానికి తోడు తలుపు రబ్బరు ఒక మూల విడిచింది. తలుపు మూసి మధ్యలో పది రూపాయల నోటు పెట్టి లాగితే జారి వచ్చేసింది. రబ్బరు మార్పించి, ఫ్రిజ్‌ను హాల్లోకి తెచ్చి, గోడకు జానెడు ఎడం ఇచ్చాం. మళ్లీ లెక్కపెడితే మధ్య మధ్యలో మెరుపులు ఆగుతున్నాయి. రోజుకు రెండు యూనిట్లకు దిగింది.

మొత్తం 194 యూనిట్ల లెక్క ఇట్లా తేలింది: ఫ్రిజ్ అదనంగా తిన్నవి 65, కూలర్ రోజుకు పద్నాలుగు గంటల చొప్పున 84, మిగతా 45 ఫ్యాన్లవి. పిల్లలకు సెలవులు కదా, ప్రతి గదిలో ఒక ఫ్యాన్. కూలర్‌ను ఎవరూ తగ్గించుకోలేరు, 2920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ పక్కన పెట్టుకుని ఉడికిపోయే జిల్లా మాది. పొడి ఎండ కాబట్టి ఇక్కడ కూలర్ బాగా పనిచేస్తుంది, అది ఖర్చు కాదు, అవసరం. తగ్గించగలిగినవి ఆ 65లోనే ఉన్నాయని తెలియడమే నాకు ముఖ్యం. మీటరు టెస్టు పెట్టి ఉంటే "మీటరు బరాబర్ ఉంది" అన్న కాగితం వచ్చేది, ఫ్రిజ్ అక్కడే ఉండేది.

ప్లగ్గులో పెట్టి చూసే వాట్ మీటరు దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఫ్రిజ్‌కు, టీవీకి బాగుంటుంది. సీలింగ్ ఫ్యాన్‌కు, బోరు మోటారుకు పెట్టలేం. ఏసీకి పెట్టేముందు అది ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో చూసుకోవాలి. నలుగురు ఇళ్లవాళ్లు కలిసి ఒకటి కొంటే సరే.

నోట్‌బుక్కు చేతులెత్తేసే చోటు కూడా ఒకటి ఉంది. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గులు కూడా పీకాక ఆ ఎర్ర బల్బు మెరవకూడదు. మెరుస్తోందంటే వైరింగ్‌లో కరెంటు కారుతోంది. ఎండాకాలంలో కూలర్ మీద గట్టి అనుమానం పెట్టుకోండి. ఇనుప బాడీ, లోపల నీళ్లు, నీళ్లలో పంపు, పంపు వైరు తొక్క ఊడితే బిల్లు సంగతి తర్వాత, ప్రాణం పోతుంది. అప్పుడు స్విచ్చు కాదు, ప్లగ్గే పీకేసి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మెయిన్ స్విచ్ కూడా దించాక ఇంకా మెరుస్తుంటే, మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో తీగ తగిలించారు లేదా మీటర్లోనే లోపముంది. టెస్టు అర్జీ పెట్టాల్సింది సరిగ్గా అప్పుడు. చేతిలో తారీఖులతో రాసిన పది రోజుల రీడింగులు ఉంటే ఆఫీసులో మాట్లాడే తీరే వేరు.

మా వెనకింటి కాకా ఇవేవీ వినలేదు. "లెక్కలు నువ్వు రాసుకో బిడ్డా, నాకు మీటరు మారాల్సిందే" అని అర్జీ పెట్టొచ్చాడు. రెండో మీటరు వచ్చింది. పదకొండు రోజులు నేనే పోయి రెండూ రాశాను. పాతది 143, కొత్తది 142. వాళ్ల అబ్బాయి నాగ్‌పూర్ నుంచి తెచ్చి బిగించిపోయిన సెకండ్ హ్యాండ్ ఏసీ లోపలి గదిలో గురక పెడుతూనే ఉంది, 18 మీద. కాకా రెండు మీటర్లను మార్చి మార్చి చూసి, కండువా దులుపుకుని అన్నాడు: "చూసినవా బిడ్డా, రెండూ కూడబలుక్కున్నయి."