ఐరాప్ స్టార్ రేటింగ్, వీడా సాఫ్ట్‌వేర్: మూడేళ్ళు వాడాక నా రివ్యూ

రోడ్ల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి, "మా రోడ్డు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు పడుతూనే ఉన్నారు, ఎవర్ని అడగాలి, ఏం అడగాలి" అని తిరిగేవాళ్ళకి పనికొస్తుందని, రోడ్డు ఎంత సేఫో చూసి స్టార్లిచ్చే ఐరాప్ పద్ధతి గురించి రాస్తున్నా. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మేం ఇంతకుముందు ఎలా చేసేవాళ్ళమంటే, యాక్సిడెంట్ రిపోర్టులు తెచ్చుకుని, ఎక్కడ ఎక్కువమంది పోయారో అక్కడ మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టి, బ్లాక్ స్పాట్ అని ఫైలు కదిపేవాళ్ళం. అది తప్పని అనట్లేదు, ఇప్పటికీ చేస్తున్నాం. కానీ ఒక టర్నింగ్ బాగుపడాలంటే ముందు అక్కడ కొంతమంది చచ్చిపోవాలి, వాళ్ళ లెక్క మా దాకా రావాలి, అప్పుడు గానీ డబ్బు కదలదు. చాలా ఏళ్ళు ఇది నన్ను లోపల్లోపల తినేసింది.

ఐరాప్ (ఇంటర్నేషనల్ రోడ్ అసెస్‌మెంట్ ప్రోగ్రామ్) వాళ్ళ పద్ధతి దీనికి తలకిందులు. 2006 నుంచి ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, వాళ్ళ సాఫ్ట్‌వేర్ పేరు వీడా, ఆన్‌లైన్‌లో ఫ్రీగా వాడుకోవచ్చు. ఎంతమంది పోయారన్నది కాదు, ముందు రోడ్డునే చూసి 1 నుంచి 5 దాకా స్టార్లు ఇస్తుంది. 1 అంటే ఘోరం, 5 అంటే సేఫ్. ఒక్కో స్టార్ పెరిగితే మనిషికి చావో పెద్ద దెబ్బో తగిలే ప్రమాదం సుమారుగా సగానికి పడిపోతుందని వాళ్ళ లెక్క. నాకు బాగా నచ్చింది ఏంటంటే కార్లో వెళ్ళేవాడికి, బైకు మీద వెళ్ళేవాడికి, నడిచేవాడికి, సైకిల్ తొక్కేవాడికి స్టార్లు వేరువేరుగా ఇస్తుంది. ఇది చిన్న విషయం కాదు, కింద మళ్ళీ చెప్తా.

ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క చూపిస్తా. రోడ్డంతా వీడియో తీసి, ప్రతి 100 మీటర్లకీ 50కి పైగా వివరాలు ఎక్కిస్తారు. నేను కూర్చుని కోడ్ చేసిన (అంటే ఆ వివరాలు ఎక్కించిన) మొదటి ముక్కల్లో ఒకటి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. రెండు లేన్ల రోడ్డు, మెలిక తిరుగుతూ చిన్న కల్వర్టు మీదికి దిగుతుంది. తారు అంచు నుంచి అడుగున్నర దూరంలో లావుపాటి చెట్టు. ఫారంలో చెట్టు మొదలు 10 సెంటీమీటర్లు దాటిందా అని అడుగుతుంది, దాటితే అది కారుకి గోడతో సమానం. దూరం 0 నుంచి 1 మీటర్ లోపు. తారు వేసిన షోల్డర్ (రోడ్డు పక్క అంచు) లేదు. ఫుట్‌పాత్ లేదు, కానీ వీడియోలో ఒకావిడ చంటిబిడ్డని ఎత్తుకుని ఆ చెట్టుకీ తారుకీ మధ్య అడుగున్నరలో ఒదిగి నడుస్తోంది, పక్క నుంచి లారీ పోతోంది. వీడియో ఆపేసి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయా. ఆ ముక్కలో నడిచేవాళ్ళకి వచ్చింది 1 స్టార్. అక్కడ అప్పటిదాకా ఎవరూ చనిపోలేదు కాబట్టి మా ఎర్ర చుక్కల మ్యాపులో ఆ చోటే లేదు.

ఇక డబ్బు సంగతి, అసలు ఈ రివ్యూ రాయడానికి కారణం అదే.

స్టార్లు వేసి ఊరుకుంటే ఇంకో మ్యాపు తయారయ్యేది, గోడకి తగిలించుకునేవాళ్ళం, అంతే. వీడా ఏం చేస్తుందంటే, ఏ ముక్కలో ఏ పని చెయ్యాలి, ఎంత ఖర్చవుతుంది, 20 ఏళ్ళలో ఎన్ని చావులు, ఎన్ని పెద్ద గాయాలు తప్పుతాయి, పెట్టిన డబ్బుకి ఎన్ని రెట్లు తిరిగొస్తుంది అని ఒక పెట్టుబడి ప్లాన్ ఇస్తుంది. చాయిస్‌లో 90 పైగా రకాల పనులుంటాయి, గీతలు సరిగ్గా వెయ్యడం, రంబుల్ స్ట్రిప్స్ (బండి ఎక్కితే గరగరమనే గట్టి గీతలు) దగ్గర్నుంచి క్రాష్ బారియర్, ఫుట్‌పాత్, జంక్షన్ మార్చడం దాకా. కనీస బీసీఆర్ (పెట్టిన ఖర్చుకి ఎన్ని రెట్లు లాభం అన్న లెక్క) ఎంత ఉండాలో మనమే పెట్టుకోవచ్చు, అది పెంచితే లిస్టు చిన్నదవుతుంది, మన బడ్జెట్‌లో పట్టేదాకా పెంచుకుంటూ పోవచ్చు.

ఈ లెక్కకి ప్రాణం విలువ ఎంతో నింపాలి. స్థానిక లెక్క లేకపోతే తలసరి జీడీపీకి 70 రెట్లు అని ఒక రూలు ఉంది, పెద్ద గాయానికి అందులో పావు వంతు. మొదటిసారి ఆ బాక్సులో నంబర్ కొట్టేటప్పుడు చెయ్యి ఆడలేదు, మనిషి ప్రాణానికి రేటు కట్టడం ఏంటి అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఫైల్లో ఆ ప్రాణం సున్నా కింద లెక్క, ఇన్నాళ్ళూ జరిగింది కూడా అదే.

బడ్జెట్ మీటింగ్‌లో తేడా నేను కళ్ళారా చూశా. ఇదివరకు సేఫ్టీ పనులంటే ఎస్టిమేట్ చివర ఒక లైను, డబ్బు చాలకపోతే మొదట కొట్టేసేది ఆ లైనునే. ఈసారి ఫైనాన్స్ ఆఫీసర్ గారు లిస్టు తిప్పుతూ తిప్పుతూ ఆగి "ఈ వరస తీసేస్తే ఎంతమంది?" అని అడిగారు. నంబర్ చెప్పాం. ఆయన పెన్ను పక్కన పెట్టేసి తర్వాతి పేజీకి వెళ్ళిపోయారు, ఆ వరస మిగిలింది. పెద్ద అభివృద్ధి బ్యాంకులు కూడా రోడ్లకి అప్పిచ్చేటప్పుడు ఈ స్టార్లు అడుగుతుంటాయి కాబట్టి, నిధుల కోసం రాసే ప్రతిపాదనల్లో కూడా ఇది పనికొస్తుంది.

ఇప్పుడు జాగ్రత్తలు, ఇవి తెలియకపోతే మోసపోతారు.

అన్నిటికంటే ముఖ్యం స్పీడు. ఆ మోడల్‌లో ఏది ఎక్కించినా దాన్ని నడిపేది స్పీడే. యావరేజ్ స్పీడు 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే యాక్సిడెంట్ల రిస్కు సుమారు 4 శాతం పెరుగుతుందని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్తుంది. మాకు వీడియో కోడింగ్ చేసిచ్చిన కన్సల్టెన్సీ (పేరు రాయను) రోడ్డంతా బోర్డు మీదున్న లిమిట్‌నే నిజం స్పీడుగా నింపేసింది. నాకు అనుమానం వచ్చి స్పీడ్ గన్ పట్టుకుని ఒక పూట ఆ కల్వర్టు దగ్గర నించున్నా, బోర్డు 50 అంటుంటే సగానికి పైగా బళ్ళు 70 దాటి పోతున్నాయి. కరెక్ట్ చేసి మళ్ళీ రన్ చేస్తే చాలా ముక్కలకి స్టార్లు పడిపోయాయి. బిల్లు పాస్ చేసే ముందు కనీసం కొన్ని కిలోమీటర్లు మీరే చెక్ చేసుకోండి, ట్రెయినింగ్ అయ్యి అక్రెడిటేషన్ ఉన్నవాళ్ళకే పని ఇవ్వండి.

రెండోది, మ్యాపులో రంగులు ముక్కముక్కకీ మారిపోకుండా రేటింగ్‌ని కొన్ని కిలోమీటర్ల మీద సగటు చేసి చూపిస్తారు. పై ఆఫీసర్లకి చూపించడానికి అది బానే ఉంటుంది, కానీ స్కూలు ముందున్న ఆ ఒక్క దరిద్రపు 100 మీటర్లు ఆ సగటులో మునిగిపోతుంది. సగటు చెయ్యని అసలు రేటింగ్ ("రా రేటింగ్" అంటారు) కూడా ఉంటుంది, అడిగి తీసుకోండి. స్కూళ్ళ కోసమైతే వాళ్ళదే విడిగా స్టార్ రేటింగ్ ఫర్ స్కూల్స్ అని ఉంది, దాన్ని వాడండి.

ఇందాక వేరువేరు స్టార్ల గురించి చెప్తానన్నా కదా. రోడ్డు వెడల్పు చేసి నున్నగా తారేసి డివైడర్ పెడితే కారు స్టార్లు 3కి ఎక్కుతాయి, బళ్ళు స్పీడందుకుంటాయి, నడిచేవాళ్ళది మాత్రం 1లోనే ఉండిపోతుంది. రిపోర్టు మొదటి పేజీలో కారు మ్యాపు మాత్రమే పెట్టి "మా రోడ్డు 3 స్టార్" అని చెప్పుకునే ఛాన్సుంది. నాలుగు మ్యాపులూ పక్కపక్కన పెట్టమని పట్టుబట్టండి, దయచేసి.

ఐక్యరాజ్యసమితి దేశాలు పెట్టుకున్న టార్గెట్ల ప్రకారం 2030 కల్లా కొత్త రోడ్లన్నీ 3 స్టార్‌కి గానీ, అందరికీ సేఫ్ అనిపించే టెక్నికల్ ప్రమాణాలకి గానీ అందుకోవాలి, ఉన్న రోడ్ల మీద 75 శాతానికి పైగా ప్రయాణం అలాంటి రోడ్ల మీదే జరగాలి. గమనించండి, 75 శాతం ప్రయాణం, 75 శాతం రోడ్డు పొడవు కాదు. దాంతో డబ్బంతా రద్దీ రోడ్లకే పోతుంది. బీసీఆర్ వరస కూడా అటే మొగ్గుతుంది, బళ్ళు ఎక్కువున్న చోటే రాబడి ఎక్కువ కాబట్టి. మేం అందుకే మొత్తంలో కొంత వాటా చిన్న రోడ్లకీ, నడిచేవాళ్ళ పనులకీ ముందే తీసి పక్కన పెట్టి, మిగతాదానికే ఆ వరస వాడుతున్నాం. ఇలా చేస్తే ఆఫీసు భాషలో దీన్ని సమర్థించుకోవడం కొంచెం కష్టమే, అయినా మీరు కూడా ఇలాగే చెయ్యండంటా.

రేట్ల విషయంలో పాత ప్రాజెక్టులోవి కాపీ కొట్టకండి, మీ సొంత టెండర్లలో వచ్చిన రేట్లే ఎక్కించండి, లేకపోతే ప్లాన్ కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది, ఫీల్డులో సగం దూరానికే డబ్బు అయిపోతుంది. మెయింటెనెన్స్ డబ్బు కూడా విడిగా సాంక్షన్ చేయించుకోండి. గీతలు అరిగిపోతాయి, బారియర్ గుద్దుకుని వంగుతుంది, వంగిన బారియర్ మార్చకపోతే వేసిన లాభమేముంది. హెల్మెట్లు, తాగి నడపడం, అంబులెన్సు ఎంతసేపట్లో వచ్చింది, ఇవి ఈ సాఫ్ట్‌వేర్ పని కాదు, వాటికి వేరే బడ్జెట్, వేరే మనుషులు కావాలి.

నా రేటింగ్ 5కి 4. ఒకటి తగ్గించింది ఆ సగటు మ్యాపుల వల్లా, నేర్చుకోడానికి పట్టే టైమ్ వల్లా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు మొత్తం రోడ్డు నెత్తినెత్తుకోకుండా వాళ్ళ ఫ్రీ డెమాన్‌స్ట్రేటర్‌లో మీకు బాగా భయం వేసే ఒక్క 100 మీటర్లు ఎక్కించి చూడండి, స్పీడు 70 పెట్టి ఒకసారి, 40 పెట్టి ఒకసారి.

ఆ కల్వర్టు దగ్గర మేం చెట్టు కొట్టలేదు. దాని ముందు బారియర్, వెనక నుంచి ఫుట్‌పాత్, టర్నింగ్ ముందు రెండు చోట్ల ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్, ఇదీ సాంక్షన్ అయిన పని. ఫుట్‌పాత్ అయ్యింది, బారియర్ పోయిన నెల పడింది, క్రాసింగ్‌లు ఇంకా పెండింగ్.