పేరు పుట్టిన చోటు చూడాలంటే: ఉత్తర వేల్స్‌లో మూడు ఊళ్లు

బ్రిటన్‌లో వింత పేర్ల ఊళ్లకు కొదవ లేదు. డెవన్ తీరంలో బీర్ అనే ఊరు ఉంది. ఆ పేరు పానీయం నుంచి రాలేదు, తోపు అని అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చింది. నార్ఫోక్‌లోని గ్రేట్ స్నోరింగ్‌కూ గురకకూ సంబంధం లేదు, స్నేర్ అనే మనిషి పరివారం స్థిరపడ్డ చోటు అది. ఇలాంటి ఊళ్లకు వెళ్లేవారు చాలామంది బోర్డు దగ్గర ఫోటో తీసుకుని తిరిగి వచ్చేస్తారు. పేరు ఎక్కడ పుట్టిందో ఆ చోట నిలబడి చూడాలని నా కోరిక. అందుకు ఉత్తర వేల్స్‌ను మించిన ప్రాంతం నాకు కనిపించలేదు. మేం వెళ్లిన ఊళ్లలో మూడింటి గురించి, అక్కడ నేను రాసుకున్న నానీలతో (నాలుగు పాదాల చిట్టి కవితలతో) కలిపి చెబుతాను.

బసకు బాంగోర్ అనువైన పట్నం. లండన్ యూస్టన్ నుంచి నేరుగా రైళ్లు ఉన్నాయి, మూడు గంటలు దాటిన కాసేపటికే దిగవచ్చు. విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కాబట్టి గదులు, భోజనం కొండల్లోని పల్లెల కన్నా చవక. అందానికి మాత్రం ఇక్కడ ఎక్కువ సమయం కేటాయించనక్కర్లేదు.

అక్కడి నుంచి రైలులో కొద్ది నిమిషాల దూరంలో, మెనై జలసంధికి ఆవలి గట్టున, ఆంగిల్సీ ద్వీపంలో ఉంది లాన్‌వైర్‌పుల్‌గ్విన్‌గిల్‌గోగెరఖ్వెర్న్‌డ్రోబుల్‌లాన్‌టిసీలియోగోగోగోఖ్. ఇంగ్లిష్ లెక్కన 58 అక్షరాలు. వెల్ష్‌లో కొన్ని అక్షరాల జంటలను ఒకే అక్షరంగా లెక్కిస్తారు కాబట్టి వాళ్ల లెక్కకు 51. స్థానికులు లాన్‌వైర్‌పుల్ అని ఊరుకుంటారు. అడిగితేనే రైలు ఆగే స్టేషను ఇది, దిగాలనుకుంటే కండక్టర్‌కు ముందే చెప్పాలి. తెల్ల హేజెల్ చెట్ల పల్లంలోని మేరీ మాత గుడి అన్నంతవరకే పాత పేరు. ఉధృతమైన సుడిగుండానికి దగ్గర, ఎర్ర గుహ పక్కనున్న టిసీలియో పుణ్యపురుషుడి గుడి దగ్గర అన్న భాగాన్ని 1860లలో, రైలు ప్రయాణికులను ఆకర్షించేందుకు తగిలించారు.

వ్యాపారం కోసం అల్లిన పేరే కదా అని దీన్ని తోసిపుచ్చేవారితో నేను ఏకీభవించను. స్టేషను పక్కనున్న పెద్ద దుకాణం, దాని ముందు ఆగే టూరిస్టు బస్సుల రద్దీ అరగంట కూడా నిలబెట్టవు, నిజమే. కానీ పేరులోని గుడి, సుడి కల్పితాలు కావు. మేరీ చర్చి జలసంధి ఒడ్డున ఉంది. టిసీలియో చర్చి మెనై బ్రిడ్జ్ పట్నం దగ్గర చిన్న దీవి మీద ఉంది. సన్నని గట్టు దారిలో నడిచి వెళితే ఒకే గది ఉన్న పురాతన రాతి కట్టడం, చుట్టూ సమాధులు, ఆ చుట్టూ నీళ్లు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆశ్రయం పొందిన బెల్జియన్ శరణార్థులు కృతజ్ఞతగా వేసిన కాలిబాట అక్కడికి చేరుస్తుంది. సుడులను చూడాలంటే ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ 1826లో జలసంధి మీద పూర్తి చేసిన వేలాడే వంతెన మీద నిలబడాలి. ఆటుపోటుల వేళలు ముందే చూసుకోండి. నీరు నిలకడగా ఉన్న సమయంలో వెళితే చెరువులాగే కనిపిస్తుంది. ప్రవాహం తిరిగాక రాళ్ల మధ్య నీరు మెలికలు తిరుగుతుంటే ఆ పొడవాటి పేరులో ఒక్క మాటా అబద్ధం కాదనిపించింది.

రైలు ఆగాలని
ఊరు పేరు సాగింది
గుడీ సుడీ
నిజంగానే ఉన్నాయి

రెండో ఊరు బెథెస్డా, బాంగోర్ నుంచి బస్సులో దగ్గరే. తెలుగు బైబిల్ చదివినవారికి బేతెస్ద కోనేరు గుర్తుకు వస్తుంది. 1820లో ఇక్కడ కట్టిన చిన్న ప్రార్థనా మందిరానికి, అంటే చాపెల్‌కు ఆ పేరు పెట్టారు, చాపెల్ పేరే ఊరిదైంది. ఊరిని పోషించింది మాత్రం పెన్రిన్ పలకరాతి గని. 1900 నుంచి 1903 వరకు ఇక్కడి కార్మికులు చేసిన సమ్మె బ్రిటన్ చరిత్రలోనే సుదీర్ఘమైన వాటిలో ఒకటి. 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అన్న కాగితాలను కిటికీలకు అంటించుకుని కుటుంబాలు పస్తులున్నాయి. గని యజమాని కోట బాంగోర్ పక్కనే ఉంది. రెండూ ఒకే రోజు చూడండి, కోట ముందు, ఊరు తర్వాత. ఊళ్లో పర్యాటకుల కోసం పెద్దగా ఏర్పాట్లు లేవు. నాకు ఆ వీధి చాలు.

ప్రార్థన పేరు
ఊరికి మిగిలింది
పలక కింద
మూడేళ్ల ఆకలి

మూడోది బెద్‌గెలెర్ట్, అంటే గెలెర్ట్ సమాధి. పదమూడో శతాబ్దపు రాజు లెవెలిన్ వేట నుంచి తిరిగి వచ్చేసరికి ఊయల బోర్లపడి ఉంది, గెలెర్ట్ అనే వేటకుక్క నోటి నిండా నెత్తురు. బిడ్డను చంపిందనుకుని కత్తి దూసి దాన్ని చంపేశాడు. ఆ తర్వాత బిడ్డ ఏడుపు వినిపించింది, పక్కనే చచ్చిన తోడేలు. ఈ కథ మనకు తెలుసు. పంచతంత్రంలో బ్రాహ్మణుడి ఇల్లాలు, ముంగిస, పాము. పహ్లవి, అరబీ అనువాదాల మీదుగా ఆ కథ యూరప్ అంతటా తిరిగింది. వేల్స్‌లో దానికి ఒక సమాధి కూడా దొరికింది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇక్కడి సత్రం యజమాని డేవిడ్ ప్రిచర్డ్ ఆ రాళ్లు పేర్పించాడని చెబుతారు. ఊరి పేరు నిజానికి ఒక ప్రాచీన సాధువుది కావచ్చని పండితుల మాట. ఇవన్నీ తెలిసీ గ్లాస్లిన్ నది వెంట చదునైన బాటలో నడిచి, చెట్టు కింద పలకరాతి మీద చెక్కిన ఆ కథ చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. మా అమ్మమ్మ నోట విన్న ముంగిస ఇంత దూరం నడిచి వచ్చిందన్న సంతోషం కూడా అందులో కలిసి ఉంది.

ముంగిస అక్కడ
వేటకుక్క ఇక్కడ
తొందరపడ్డ
చెయ్యి ఒక్కటే

ఇక్కడ తప్పక ఒక రాత్రి ఉండండి. పగటి జనం వెళ్లిపోయాక ఊరు మళ్లీ ఊరివాళ్లదవుతుంది. గదులు తక్కువ, వేసవిలో ధరలు బాగా ఎక్కువ, నెలల ముందే మాట్లాడుకోవాలి. మేమున్న అతిథిగృహంలో అల్పాహారం చక్కగా ఉంది కానీ రాత్రి గది వెచ్చబడలేదు, అడిగినా అదనపు దుప్పటి ఇవ్వలేదు. ఆ ధరకు అది అన్యాయం. వంటశాలలు త్వరగా మూసేస్తారు. శాకాహారులు చీకటి పడకముందే భోజనం చూసుకోవాలి. ఫోను సంకేతం లోయలో బలహీనం, బస్సు వేళలు ముందే కాగితం మీద రాసుకోండి.

ఈ మూడో ఊరు చేరడానికి రెండు మార్గాలు. కైర్నార్వన్ నుంచి వెల్ష్ హైలాండ్ రైల్వే ఆవిరి బండి కొండల నడుమ మెలికలు తిరుగుతూ వస్తుంది. టికెట్టు ఖరీదే, అయినా ఒక వైపు దానిలో రండి, కిటికీ పక్క సీటు దొరికేలా చూసుకోండి. తిరుగు ప్రయాణానికి ఈ కొండల్లో తిరిగే షెర్పా బస్సు చాలు. శీతాకాలంలో ఆవిరి బండ్లు చాలా రోజులు నడవవు కాబట్టి మే నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్లడం మంచిది. ఏ నెలలో వెళ్లినా వాన కోటు మాత్రం తప్పదు.