పిల్లల్లో ఏఎంఎల్: కీమోతో ఆపాలా, మజ్జ మార్పిడికి వెళ్లాలా?

గుంటూరులోనైనా విజయవాడలోనైనా బిడ్డకు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (ఏఎంఎల్) అనే రక్త క్యాన్సర్ అని తేలగానే, చూడటానికి వచ్చిన చుట్టాలు ముందుగా అడిగేది ఇదే: "తమ్ముడి మజ్జ ఎక్కిస్తే నయమవుతుందట కదా, ఆలస్యం దేనికి?" ప్రేమకొద్దీ అంటారు. కానీ తమ్ముడి హెచ్‌ఎల్‌ఏ (దాతకూ బిడ్డకూ కలవాల్సిన కణాల గుర్తులు) కలిసిందా అని చూసేముందు, ఈ బిడ్డకు మార్పిడి అవసరమా అని తేల్చుకోవాలి. అది చెప్పేవి క్యాన్సర్ కణాల జన్యు పరీక్ష, మొదటి విడత కీమో అయ్యాక ఇంకా ఎన్ని క్యాన్సర్ కణాలు మిగిలాయో చూసే ఎంఆర్‌డీ పరీక్ష.

8, 21 క్రోమోజోముల ముక్కలు ఒకదాంతో ఒకటి తారుమారయ్యాయని జన్యు పరీక్షలో వచ్చి, జబ్బు కీమోకు బాగా లొంగితే నేను కీమో వైపే. అలాంటి పిల్లలకు మొదటి రెమిషన్‌లో, అంటే కీమోతో జబ్బు మొదటిసారి అణిగిన దశలో, సాధారణంగా మార్పిడి చేయరు. జబ్బు తిరగబెడితే, మళ్లీ రెమిషన్‌కు తెచ్చి మార్పిడి చేసే దారి ఉండనే ఉంది. కీమో తేలికేమీ కాదు. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం తగిలితే, అర్ధరాత్రైనా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అయినా మార్పిడి కష్టాలు అంతకు మించినవి. మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ వంటి మందుల వల్ల పెద్దయ్యాక సంతానం కలగకపోవచ్చు. దాత కణాలు బిడ్డ చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేయవచ్చు. మార్పిడి వల్లే ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. అవసరం లేనిచోట పసిబిడ్డ మీద ఇంత భారం మోపడం అన్యాయమని నా అభిప్రాయం.

ఏడో క్రోమోజోము ఒకటి లోపించినా, మొదటి విడత తర్వాత ఎంఆర్‌డీ 0.1 శాతం దాటినా లెక్క తిరగబడుతుంది. అక్కడ కీమో ఒక్కటే చాలకపోవచ్చు. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను దాత కణాలు వెతికి చంపుతాయన్న ఆశతోనే మార్పిడి చేస్తారు. వైద్యులు అవసరమన్నాక వెనకాడవద్దు. ఒక్కో తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. కలవకపోతే చెన్నైలోని దాత్రి అనే మజ్జ దాతల రిజిస్ట్రీలో వెతికించవచ్చు. కానీ పూర్తిగా కలిసే దాత కోసం నెలలు గడిపేకంటే, సగం కలిసే అమ్మో నాన్నో మేలు. దాత కణాల దాడిని తగ్గించేందుకు మార్పిడి తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చే పద్ధతి వచ్చాక ఆ దారి చాలా మెరుగైంది. హైదరాబాదో వేలూరో వెళ్తే మొదటి వంద రోజులు ఆసుపత్రి దగ్గర్లోనే అద్దె గదిలో ఉండాల్సి రావచ్చు, దానికి ముందే సిద్ధపడాలి.

ఏ దారో తేలకముందే ఇంట్లోవాళ్ల హెచ్‌ఎల్‌ఏ పరీక్ష గురించి వైద్యులను అడగండి. రక్తం, ప్లేట్‌లెట్లు మాత్రం అమ్మానాన్నలు, తోబుట్టువులు, దగ్గరి రక్తసంబంధీకులు ఇవ్వకూడదు. రేపు వాళ్లే మజ్జ దాతలైతే, బిడ్డ శరీరం ఆ కణాలను తిప్పికొట్టే ప్రమాదం ఉంది. తెనాలి నుంచి మేనమామ చొక్కా చేయి మడిచి సిద్ధంగా వచ్చినా వద్దని చెప్పి, ఆయన స్నేహితులను పంపమనండి.