యూరప్ లారీల్లో డిజిటల్ టాకోగ్రాఫ్: ఏళ్ల తరబడి వాడాక

డిజిటల్ టాకోగ్రాఫ్ అంటే లారీ ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు ఆగిందో రాసిపెట్టే యంత్రం. కారు స్టీరియో పట్టేంత చోటులో ఇమిడిపోయే ఈ బాక్సు లెక్కల్లో తప్పదు. నడిపిన నిమిషాలు, ఆగిన నిమిషాలు, వేగం, దూరం అన్నీ సరిగ్గానే రాస్తుంది. కానీ బండి ఆగాక డ్రైవర్ ఏం చేస్తున్నాడో దానికి తెలియదు. అది మనమే మీట నొక్కి చెప్పాలి. నేను చూసినంతలో చెకింగ్‌లో ఫైన్ పడేది ఎక్కువసేపు నడిపినవాళ్ల కంటే, చెప్పాల్సింది చెప్పనివాళ్లకే ఎక్కువ.

మన దేశంలో లారీ నడిపి వచ్చినవాళ్లకు ఇది కొత్తగా అనిపించడం సహజం. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటల పనికి అరగంట విశ్రాంతి అని చెప్పింది. అయితే దాన్ని నిమిషం నిమిషం రాసిపెట్టే యంత్రం బండిలో లేదు. జీపీఎస్ ట్రాకర్ బండి ఎక్కడుందో చెబుతుంది, డ్రైవర్ పడుకున్నాడో లేదో చెప్పదు. ఇక్కడ యూరప్‌లో రికార్డు డ్రైవర్ పేరు మీదే ఉంటుంది, చాలా దేశాల్లో ఫైన్ కూడా ముందు అతని చేతికే వస్తుంది.

యూరోపియన్ యూనియన్ నిబంధనలు క్లుప్తంగా చెప్పుకుందాం. రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండుసార్లు 10 దాకా వెళ్లొచ్చు. వారానికి 56, వరసగా ఏ రెండు వారాలు కలిపినా 90 దాటకూడదు. నాలుగున్నర గంటల డ్రైవింగ్‌కు 45 నిమిషాల బ్రేక్. రోజువారీ రెస్ట్ 11 గంటలు, రెండు వారపు రెస్ట్‌ల మధ్య మూడుసార్లు 9కి తగ్గించుకోవచ్చు. వారపు రెస్ట్ 45 గంటలు, దాన్ని క్యాబిన్‌లో తీసుకోకూడదు.

ఇప్పుడు మీటల సంగతి. నాలుగు గుర్తులు: స్టీరింగ్ అంటే డ్రైవింగ్, అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు అంటే ఇతర పని, అడ్డగీత ఉన్న చదరం అంటే అందుబాటులో ఉన్నట్టు (పని చేయకుండా, పిలుపు కోసం ఎదురుచూడటం), మంచం అంటే రెస్ట్. బండి కదిలితే స్టీరింగ్ దానంతటదే వస్తుంది. ఆగగానే దానంతటదే సుత్తులకు మారుతుంది, మంచానికి కాదు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పార్కింగ్‌లో ఆపి భోజనం చేసి, 45 నిమిషాలు కూర్చుని బయల్దేరతారు, బాక్సులో మాత్రం 45 నిమిషాలు పని చేసినట్టు ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ వేయడం, మంచం గుర్తు తెరమీద కనబడిందా అని చూడటం ఒకే అలవాటుగా మారాలి. ఇంజిన్ ఆపితే ఏ గుర్తుకు మారాలో కొన్ని బాక్సుల్లో ముందే సెట్ చేసి ఉంటుంది. బండి మారినప్పుడల్లా అది చూసుకోండి, పాత బండిలో మంచానికి మారింది కదా అని కొత్తదాన్ని నమ్మొద్దు.

బ్రేక్‌ను రెండుగా చేసుకోవచ్చు, కానీ వరుస ముఖ్యం. ముందు కనీసం 15, తర్వాత కనీసం 30. ముందు 30 తీసుకుని తర్వాత 15 తీసుకుంటే కుదరదు, 20 + 25 కూడా చెల్లదు. గడియారం చూసి కచ్చితంగా 45కే బయల్దేరొద్దు, రెండు నిమిషాలు ఎక్కువే ఉండండి. బాక్సు ఒక్కో నిమిషాన్ని ఒకే పనికి రాస్తుంది, ఆ నిమిషంలో ఎక్కువసేపు ఆగకుండా సాగిన పనికే. రెండు వైపులా డ్రైవింగ్ నిమిషాలుంటే మధ్య నిమిషం కూడా డ్రైవింగే. అందుకే లోడింగ్ క్యూలో నిమిషం వదిలి నిమిషం ముందుకు జరుగుతూ పోతే, నడిపింది కాసేపే అయినా లెక్క మొత్తం డ్రైవింగ్‌గా పెరిగిపోతుంది. ఇక రెస్ట్ మధ్యలో గేటు మనిషి వచ్చి కొంచెం ముందుకు తీయమంటే ఆ రెస్ట్ తెగినట్టే. క్యూ కదిలే చోట రెస్ట్ మొదలుపెట్టకపోవడమే మంచిది.

పాత మోడళ్లలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. నాలుగుంపావు గంటల దగ్గర బ్రేక్ గురించి హెచ్చరిస్తాయి గానీ 24 గంటల లెక్క గురించి నోరెత్తవు. ఉదయం 6కు పని మొదలుపెడితే మర్నాడు ఉదయం 6 లోపే రెస్ట్ పూర్తవ్వాలి. 11 గంటల రెస్ట్‌కు రాత్రి 7కల్లా ఆగాలి, 9 గంటల రెస్ట్‌కు 9కల్లా. రాత్రి 9:10కి ఆగి పన్నెండు గంటలు నిద్రపోయినా, ఆ 24 గంటల్లో పడింది 8 గంటల 50 నిమిషాలే, కాబట్టి ఉల్లంఘన. బయల్దేరిన టైముకు 13 కలిపి, 15 కలిపి ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. కొత్త మోడళ్లలో మిగిలిన టైము చూపే కౌంటర్లు బాగున్నాయి, కానీ పొద్దున చేతితో ఎంట్రీ సరిగ్గా చేస్తేనే అవి నిజం చెబుతాయి.

ఆ ఎంట్రీ ఎలాగంటే: డ్రైవర్ తన పేరు మీద ఉన్న కార్డును బాక్సులో పెట్టగానే చివరిసారి ఎప్పుడు తీశారో చూపించి, మధ్యలో ఏం జరిగిందో కలపాలా అని అడుగుతుంది. అవును అనండి. ఖాళీ కాలమంతా మంచంగా నింపండి. మధ్యలో గోడౌన్‌లో పని చేసి ఉంటే ఆ ముక్కను సుత్తులుగా విడగొట్టండి. తర్వాత నిన్న పని ముగించిన దేశం, ఇవాళ మొదలుపెట్టే దేశం. తొందరలో వద్దు అని నొక్కితే ఆ కాలం ప్రశ్నార్థకంగా మిగిలిపోతుంది, చెకింగ్ అధికారి వేలు మొదట పెట్టేది అక్కడే. సరిహద్దు దాటాక మొదటి అనువైన చోట ఆగి దేశం కోడ్ కొట్టాలనే నియమం డిజిటల్ బాక్సులకు 2022 ఫిబ్రవరి 2 నుంచి ఉంది. కొత్త రకమైన రెండో తరం రెండో వెర్షన్ స్మార్ట్ బాక్సు ఉపగ్రహ సంకేతంతో తానే రాసుకుంటుంది. పాతదాన్ని మార్చినందుకు నాకు నిజంగా సుఖమనిపించింది ఈ ఒక్కదానివల్లే.

టైముతో ఇంకో తలనొప్పి. తెరమీద స్థానిక సమయం కనిపించినా ప్రింట్‌అవుట్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో వస్తుంది. జర్మనీలో వేసవిలో ఉదయం 6 అయితే కాగితం మీద 4, చలికాలంలో 5. ఆ తేడా తెలియక తమ రికార్డే తప్పని అధికారితో వాదించినవాళ్లున్నారు.

ప్రింటర్‌ను చాలామంది పట్టించుకోరు, ఆపదలో పనికొచ్చేది అదే. రోడ్డు మూసేసి, ఆగడానికి చోటు దొరక్క టైము దాటితే, భద్రమైన చోటుకు చేరాక ప్రింట్ తీసి కారణం, చోటు, సంతకం చేతితో రాయాలి. మర్నాడు రాస్తే విలువ ఉండదు. రోల్ 57 మిల్లీమీటర్ల వెడల్పు, మీ బాక్సుకు ఆమోదం ఉన్నదే వాడాలి. తిరగేసి పెడితే తెల్ల కాగితమే బయటికొస్తుంది. వేడికి అక్షరాలు మాసిపోతాయి కాబట్టి ప్రింట్‌లను డాష్‌బోర్డు మీద వదలొద్దు, కవర్లో పెట్టండి. 2024 డిసెంబర్ 31 నుంచి ఆ రోజుతో పాటు వెనకటి 56 రోజుల రికార్డు చూపాలి, అంతకుముందు 28 ఉండేది. బండిలో రెండు స్పేర్ రోళ్లు తప్పనిసరి అనుకోండి.

ఆఫీసు వైపు కార్డు డేటాను 28 రోజుల్లోపు, బండి డేటాను 90 రోజుల్లోపు దించుకోవాలి. కార్డు నిండితే పాతదాని మీదే కొత్తది రాస్తుంది. బండి కదులుతున్నా ఆగినట్టు బాక్సును నమ్మించడానికి, కదలికను పట్టే సెన్సార్ దగ్గర అయస్కాంతం పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. స్మార్ట్ బాక్సు ఉపగ్రహ సంకేతంతో పోల్చుకుని ఆ తేడాను లోపల రాసిపెట్టుకుంటుంది, అధికారి బండి ఆపకుండానే రోడ్డు పక్కనుంచి ఆ సంగతి చదవగలడు.

కార్డు ఐదేళ్లు చెల్లుతుంది, గడువుకు కనీసం 15 పనిదినాల ముందే కొత్తదానికి దరఖాస్తు పెట్టాలి. పోయినా, పాడైనా 7 రోజుల్లోపు బదులు కార్డు అడగాలి, దొంగతనమైతే ఆ దేశపు పోలీసులకు చెప్పి కాగితం తీసుకోవాలి. కార్డు లేకుండా 15 రోజుల దాకా నడపొచ్చు. అయితే ప్రతిరోజూ బయల్దేరేముందు ఒక ప్రింట్, ముగించాక ఒక ప్రింట్ తీసి, పేరు, కార్డు నంబరు లేదా లైసెన్స్ నంబరు రాసి సంతకం చేయాలి. బాక్సు పట్టుకోని పనులు, రెస్ట్ ఆ కాగితం మీదే చేతితో నింపాలి.