జయపురంలో "సైనిక జోక్యాలు" తరగతి: కట్టిన రుసుముకు గిట్టుబాటేనా?

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో ఒక విశ్రాంత చరిత్ర ఉపన్యాసకులు పోటీ పరీక్షలకు తయారయ్యే తెలుగు పిల్లల కోసం తమ ఇంటి మేడ మీద ఆదివారం సాయంత్రాలు తరగతులు నడుపుతున్నారు. వాటిలో "పరాయి దేశంలో సైనిక జోక్యం: న్యాయమెంత, ప్రయోజనమెంత" అన్న పాఠ్యక్రమంలో మా అబ్బాయిని చేర్పించి, పెద్దవాళ్లు కూడా కూర్చోవచ్చునన్నారు కనుక నేనూ రుసుము కట్టి విన్నాను. జిరాక్సు నోట్సుతో కలిపి మనిషికి ఆరు వందల రూపాయలు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషుగా పెరిగే ఇక్కడి పిల్లలకు ప్రపంచ రాజకీయాలను తెలుగులో విడమరిచి చెప్పేవారు దొరకడమే అరుదు. ఆ లెక్కన రుసుము ఎక్కువేమీ కాదు. పాఠం మాత్రం సగం దాకా గట్టిగా నడిచి, అసలు చిక్కుముడి దగ్గరకు వచ్చేసరికి పట్టు సడలింది.

మాస్టారి పద్ధతి నాకు మొదట్లోనే నచ్చింది. నల్లబల్లను నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు "వెళ్లే హక్కు ఉందా?" అనీ, కుడివైపు "వెళ్లి ఏం సాధించాం?" అనీ రాశారు. గెలిచినంత మాత్రాన న్యాయం అయిపోదనీ, ఓడినంత మాత్రాన అన్యాయం అయిపోదనీ, ఈ రెండు గడులనూ కలిపేయవద్దనీ ముందే హెచ్చరించారు. 1971 తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) వ్యవహారాన్ని ఆ గీతకు కట్టుబడే చెప్పారు. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మొదలుపెట్టిన దమనకాండ తరువాత సుమారు కోటి మంది కాందిశీకులు మన దేశంలోకి వచ్చారని చెప్పి ఊరుకోకుండా, తలకు రోజుకు మూడు వందల గ్రాముల బియ్యం అనుకుంటే మొత్తం ఎంతవుతుందో పిల్లల చేతే లెక్క వేయించారు. రోజుకు మూడు వేల టన్నులని తేలేసరికి, అంతవరకూ ఫోను చూసుకుంటున్న కుర్రాడు కూడా తలెత్తాడు.

మనవాళ్లు సాధారణంగా దాటవేసే సంగతిని కూడా ఆయన ఎడమ గడిలో రాశారు. 1971 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో కాల్పుల విరమణ, సేనల ఉపసంహరణ కోరే తీర్మానానికి 104 దేశాలు అనుకూలంగానూ, 11 మాత్రమే వ్యతిరేకంగానూ ఓటు వేశాయి; అంటే ఆనాడు అత్యధిక దేశాలు మన వాదనను ఒప్పుకోలేదు. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో ఆత్మరక్షణ అనే వాదం మన చేతికందిన మాట నిజమే గాని, అక్కడి బెంగాలీల విముక్తి దళమైన ముక్తివాహినికి మనం అంతకు ముందునుంచే శిక్షణ, ఆయుధాలు ఇస్తున్న విషయాన్ని ఆయన దాచలేదు. కుడి గడిలో డిసెంబరు 16 లొంగుబాటు, 93,000 మంది బందీలు ఉన్నా, వాటికంటే పైన "1972 మార్చికల్లా సైన్యం వెనక్కి" అని రాశారు. ఈ పాఠ్యక్రమం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఒక్క వరుసే. లక్షల మందిని పొట్టన పెట్టుకున్న పోల్ పాట్ పాలనను కూలదోయడానికి 1978 చివర కంబోడియాలోకి వెళ్లిన వియత్నాం సేన 1989 దాకా అక్కడే ఉండిపోవడంతో, చేసిన మేలు కూడా ఆక్రమణ కింద జమ అయింది. ఆ పోలిక ఇంకాస్త విప్పి ఉంటే బాగుండేది.

మల్కాన్‌గిరి వైపు బెంగాలీ శరణార్థుల కోసం ఏర్పరచిన ఎం.వి. నంబరు గ్రామాల్లో ఒకదాని నుంచి వచ్చే ఒక బెంగాలీ అమ్మాయి, "మాస్టారూ, కోటి మందీ తిరిగి వెళ్లిపోయారంటున్నారు, మరి మేం ఇక్కడే ఎందుకున్నాం?" అని అడిగింది. ఆ శరణార్థులకు పునరావాసం కల్పించిన దండకారణ్య ప్రాజెక్టు 1958లోనే మొదలైందనీ, ఆమె పెద్దలు అంతకు ముందరి వలసల్లో వచ్చినవారనీ, 1971లో వచ్చినవారిని తిరిగి పంపాలన్నదే అప్పటి ప్రభుత్వ విధానమనీ ఆయన ఓపికగా వివరించారు. ఒక యుద్ధం ఏ సమస్యను తీర్చింది, దేని జోలికి పోలేదు అన్నది ఆ జవాబుతో స్పష్టమైంది.

శ్రీలంక దగ్గరకు వచ్చేసరికి నల్లబల్ల మీది గీత చెరిగిపోయింది. 1987లో అక్కడికి వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళంలో సుమారు 1,200 మంది చనిపోవడం, 1990 మార్చి 24న చివరి బృందం వెనుదిరగడం, 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య, ఇవన్నీ కుడి గడిలో రాసి, ఆ బరువుతోనే ఎడమ గడిలో "లేదు" అని తేల్చేశారు. ఇది ఆయన పెట్టుకున్న నియమానికే విరుద్ధం. చట్టం దృష్టితో చూస్తే 1971 కంటే 1987లోనే మనకు ఎక్కువ హక్కు ఉంది: 1971లో పాకిస్తాన్ ప్రభుత్వం మనల్ని పిలవలేదు సరికదా మనతో యుద్ధం చేసింది; 1987లో జూలై 29న కొలంబోలో మన సేనను రానిచ్చే ఒప్పందం మీద శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే స్వయంగా సంతకం పెట్టాడు. అంతకు ముందు జూన్ 4న మన విమానాలు అనుమతి లేకుండా తమిళుల జాఫ్నా మీద ఆహార సామగ్రి జారవిడిచాయి కనుక, ఆ సంతకం ఎంతవరకు ఇష్టపూర్వకమో అడగవచ్చు. ఆ వాదన పెట్టి ఉంటే "లేదు" అన్న తీర్పు కొంతైనా నిలబడేది. అది నోట్సులో ఎక్కడా లేదు.

నా ఉద్దేశంలో లోపం హక్కులో లేదు, తలకెత్తుకున్న పూచీలో ఉంది. ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధాలు పట్టిన ఎల్టీటీఈ సంతకం చేయని ఒప్పందానికి మనం హామీగా నిలబడ్డాం. వాళ్లు ఆయుధాలు అప్పగించకపోతే ఏం చేయాలో తేల్చుకోకుండానే దిగి, అక్టోబరుకల్లా, ఎవరిని కాపాడడానికి వెళ్లామో వారి వీధుల్లోనే పోరాడవలసిన స్థితికి వచ్చాం. సింహళీయులకూ తమిళులకూ కానివాళ్లమై రెంటికీ చెడ్డ రేవడి అయ్యాం. జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో రాత్రిపూట హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్పై మందిలో ఒక్కడే ప్రాణాలతో పట్టుబడిన ఘటనను మాస్టారు మైదానం బొమ్మ గీసి మరీ చెప్పారు. అదే అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైనికులు ప్రవేశించినప్పుడు వైద్యులు, నర్సులు, రోగులు పదుల సంఖ్యలో చనిపోయిన సంగతిని మాత్రం ఎత్తలేదు. పోయిన మనవాళ్లను లెక్కించి, మన చేతుల్లో పోయినవాళ్లను వదిలేస్తే ఆ లెక్క ఎలా చెల్లుతుంది? మరోవైపు, ఆ ఒప్పందం వల్లనే వచ్చి నేటికీ శ్రీలంక రాజ్యాంగంలో ఉన్న, ప్రాంతాలకు అధికారాలు పంచే 13వ సవరణకూ ప్రాంతీయ మండళ్లకూ దక్కింది ఒక్క వాక్యమే.

దళం వెనక్కి వచ్చే రోజుల్లో దాని పక్షాన నిలిచిన తమిళులు ప్రాణభయంతో ఓడలెక్కి వస్తే కొందరిని ఒడిశాకే చేర్చారు. తమిళనాడు శిబిరాల తరువాత కేంద్ర హోంశాఖ నివేదికల్లో కనిపించే శ్రీలంక శరణార్థుల లెక్క మన రాష్ట్రానిదే. జయపురంలో కూర్చుని చెప్పే పాఠంలో ఇది లేకపోవడం పెద్ద వెలితి.

ఇరాక్, లిబియాలను చివరి అరగంటలో చుట్టబెట్టారు. 2011లో లిబియా మీద సైనిక చర్యకు వీలిచ్చిన భద్రతా మండలి తీర్మానానికి మన దేశం తటస్థంగా ఉందని చెప్పారు గాని, ఎందుకు ఉందో చెప్పలేదు. పరీక్షలో అడిగేది ఆ "ఎందుకు" గురించే. నోట్సు ముద్రణ మసకగా ఉంది. కొలంబో ఒప్పందం తేదీలో జూలై బదులు జూన్ పడింది, అది వెంటనే సరిచేయాలి.

1971 భాగం కోసమైనా ఈ తరగతికి పిల్లలను పంపవచ్చునని నా అభిప్రాయం. శ్రీలంక భాగానికి మాత్రం ఇంట్లో మరో వాదన కూడా చెప్పి పంపండి. ఇంకొక మాట: ప్రశ్నల సమయం తరగతి చివర్లో పెట్టడం వల్ల మల్కాన్‌గిరి బస్సు అందుకోవలసిన పిల్లలు ముందే లేచి వెళ్లిపోతున్నారు. ఆ గంటను మొదటికి మార్చమని నేను అడిగాను, వచ్చే జట్టు నుంచి చూద్దామన్నారు.