పాత ఫోర్డ్ మోడల్ టీ కారు దొరికితే ఏం చెయ్యాలి: మొత్తం విప్పి కొత్తగా చెయ్యాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా, నడిచేలా మాత్రం చేసుకోవాలా?

నాతో పనిచేసే కుర్రాడొకడు, నన్ను అన్నా అని పిలుస్తాడు, పోయిన నెల ఇక్కడ మిషిగన్‌లో ఊరవతల ఒక పాత కొట్టంలోంచి 1917 ఫోర్డ్ మోడల్ టీ కొని ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకున్నాడు. టూరింగ్ బాడీ, అంటే ఓపెన్ కారు, పైన బట్ట టాప్. తెచ్చిన రాత్రే ఫోన్ చేసి "అన్నా, మొత్తం విప్పించి పెయింట్ కొట్టించి షోరూమ్ బండిలా చేయిద్దామనుకుంటున్నా, ఏమంటావ్" అన్నాడు. నేనొచ్చి చూసేదాకా దానిమీద ఎమరీ పేపర్ పెట్టొద్దురా అని మాత్రం చెప్పా, ఎందుకంటే ఆ తప్పు నేను ఒకసారి చేశా, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దారులు మూడున్నాయి. ఫుల్ రిస్టోరేషన్, అంటే నట్టు నట్టు విప్పి అన్నీ కొత్తగా చెయ్యడం. రెండోది అసలు ముట్టుకోకుండా దుమ్ము దులిపి కాపాడుకోవడం. మూడోది ఇంజను, బ్రేకులు, యాక్సిల్ (చక్రాల ఇరుసు), టైర్లు బాగుచేసి పైన పెయింటు, సీట్లు మాత్రం కాలం ఎలా ఉంచిందో అలా వదిలేయడం.

ముందు ఫుల్ రిస్టోరేషన్ సంగతి. మోడల్ టీకి ఇది చేయించడం మిగతా పాత కార్లంత కష్టం కాదు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర కార్లు చేశారు కదా, ఇవాళ్టికీ ఫెండర్ల (చక్రాల మీది మడ్‌గార్డ్‌ల) నుంచి సీటు గుడ్డ దాకా కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. అదే ఏ ఫ్రెంచి కంపెనీయో నూటపదేళ్ల కింద వందా రెండొందలు చేసి మూసేసిన కారైతే ఒక్కో పార్టూ పోత పోయించుకోవాలి, ఏళ్లు పడుతుంది. కాబట్టి వీలుపడుతుందా అంటే పడుతుంది. అవసరమా అన్నదే నా ప్రశ్న.

నా మొదటి కారు కూడా మోడల్ టీనే, ఒక షాపుకిచ్చా, వాళ్లు బాడీ మొత్తం సాండ్ బ్లాస్టింగ్ చేసేశారు, అంటే ఇసుకని జోరుగా కొట్టి పాత పెయింటు ఊడగొట్టడం, పల్చటి రేకు కదా, ఆ దెబ్బకి తలుపులు అలలు తిరిగిపోయాయి, వాటిని సర్దడానికి పుట్టీ మీద పుట్టీ పెట్టి దానిమీద అద్దంలా మెరిసే పెయింట్ కొట్టారు. చూసినవాళ్లంతా బాగుందన్నారు. కానీ ఫోర్డ్ ఫ్యాక్టరీ నల్లరంగు మోడల్ టీలు అలా అద్దంలా మెరిసేవి కావు! ఆ రోజుల్లో ఆస్ఫాల్టు, లిన్సీడ్ ఆయిల్ కలిపిన నల్లరంగుని బాడీ మీద ధారగా పోసేవాళ్లు, ఫెండర్లనైతే తొట్టిలో ముంచి తీసేవాళ్లు, తర్వాత పెద్ద ఓవెన్లలో వేడికి గట్టిపరిచేవాళ్లు. 1914 నాటికి ఒక ఛాసిస్‌ని, అంటే బాడీ కింద ఉండే ఫ్రేముని, 93 నిమిషాల్లో బిగించేస్తున్నారంటే ఇంక పాలిష్ చేసి కూర్చునే తీరిక ఎక్కడిది. ఒరిజినల్ ఫెండర్ కింద చెయ్యి పెడితే రంగు కారి గట్టిపడిన చుక్కలు తగులుతాయి, అది ఆ ఫ్యాక్టరీ చేతిరాత అన్నమాట. నా కారుకి ఆ చేతిరాత పోయింది, ఎన్ని డాలర్లు పెట్టినా తిరిగి రాదు.

సరే మరి అసలు ముట్టుకోకుండా ఉంచేస్తే? ఈ మాటకి ఈమధ్య గౌరవం బాగా పెరిగింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా పెట్టుకున్న ట్యూరిన్ చార్టర్ అనే నియమావళి కూడా ముందు కాపాడండి, తప్పనప్పుడే మార్చండి అనే అంటుంది. 2024లో కాలిఫోర్నియాలో జరిగే పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో అన్నిట్లోకీ మేటి అని బహుమతి కొట్టింది 1934 బుగాటి టైప్ 59, రిస్టోర్ చెయ్యని కారు, ఆ పోటీలో అలాంటి కారుకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఇంకో బుగాటి ఉంది, 1925 బ్రెషియా, ఇటలీ స్విట్జర్లాండ్ మధ్య ఉన్న మజోరె సరస్సు అడుగున డెబ్బై ఏళ్లు పడి ఉంటే 2009లో పైకి తీశారు. ఒక పక్కంతా తినేసింది, తుప్పు, బురద. 2010లో వేలంలో 2,60,500 యూరోలకి పోయింది, కొన్నాయన దాన్ని బాగుచెయ్యకుండా అలాగే తన మ్యూజియంలో పెట్టాడు. బాగుచేసుంటే అదొక మామూలు బ్రెషియా అయ్యేది, ఆ సరస్సు కథ పోయేది.

కానీ అది మ్యూజియం వస్తువు. మావాడు కారు నడపాలనుకుంటున్నాడు, మోడల్ టీని ఏళ్లతరబడి నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే రోడ్డెక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. వెనక యాక్సిల్లో బ్యాబిట్ అనే మెత్తటి తెల్ల లోహంతో చేసిన థ్రస్ట్ వాషర్లుంటాయి, గేర్లు పక్కకి జరగకుండా ఆపే బిళ్లలు, వందేళ్లకి అవి పొడైపోతాయి. పొడైతే చక్రాలని తిప్పే పెద్ద గేరు, అంటే రింగ్ గేర్, పక్కకి జరిగి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ పళ్లు పట్టు వదిలేస్తాయి. మోడల్ టీలో కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేర్‌బాక్స్‌లో ఉంటుంది, కాబట్టి ఆ పళ్లు వదిలిన క్షణం నుంచి నువ్వు పెడల్ ఎంత తొక్కినా చక్రాలకి తెలీదు. ఇంక మిగిలేది వెనక చక్రాల చేతి బ్రేకు, అది నిలబడ్డ బండిని పట్టుకోవడానికే గానీ దిగుడులో పరిగెత్తే బండిని ఆపడానికి కాదు. ఆ వాషర్లు తీసేసి ఇత్తడిలాంటి బ్రాంజ్‌వి వెయ్యాలి, పైకి ఎవరికీ కనబడవు, కారు రూపం ఇసుమంత కూడా మారదు.

అందుకే నా ఓటు మూడో దారికి. ముందు అద్దం పాతదైతే మామూలు గాజు, పగిలితే కత్తుల్లా వస్తుంది, దాని కొలతకి పగిలినా ముక్కలు చెదరని లామినేటెడ్ అద్దం వేయించుకోవాలి. చక్రాల ఆకులు హికరీ అనే గట్టి కర్రవి, జాకీ మీద ఎత్తి ఊపితే కిర్రుమని చప్పుడొస్తే వదులైనట్టే, ఆలోచించకుండా మార్చెయ్. పాత టైర్లయితే ఫొటో తీసుకుని పక్కన పడెయ్. చెక్కపెట్టెల్లో ఉండే 4 ఇగ్నిషన్ కాయిళ్లు లోపల కెపాసిటర్ పోయి సరిగా స్పార్క్ ఇవ్వవు, కొత్త కెపాసిటర్ పెట్టి సరిచేసే వాళ్లున్నారు, బయట పెట్టె మాత్రం అదే. పాత కెపాసిటర్, పాత వాషర్ తీసి చీటీ కట్టి డబ్బాలో పెట్టుకుంటే ఇంకో 50 ఏళ్లకి ఇంకెవరైనా వెనక్కి పెట్టుకోవచ్చు, గీకేసిన పెయింట్‌ని అలా డబ్బాలో దాచలేం కదా.

అలాగని ఫుల్ రిస్టోరేషన్ ఎప్పుడూ తప్పేనని నేననను. రేకు లోపలి చెక్క ఫ్రేము పుచ్చిపోతే తలుపులు నిలబడవు, ఏదో కాలంలో ఎవరో ఇంటి బ్రష్షుతో ఎర్రరంగు కొట్టి ఫెండర్లు మార్చేసి ఉంటే కాపాడ్డానికి అక్కడ మిగిలిందేం లేదు, అలాంటిదాన్ని హాయిగా విప్పి చేసుకోవచ్చు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ సంగతీ వేరే, ఆరో నిజాం ఆర్డరిచ్చి అది చేతికొచ్చేలోపే 1911లో పోయాడు, రాజసం చూపించడానికే పుట్టిన బండి అది, మెరిస్తేనే అందం. నాకు మాత్రం ఇంకా ఇష్టమైంది 1914లో నిజాం రైల్వే కోసం ఇంగ్లాండ్ నుంచి వచ్చిన జాన్ మోరిస్ ఫైరింజన్, ఇప్పుడు ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది, స్టేట్స్‌మన్ పాత కార్ల ర్యాలీలో గట్టి రబ్బరు చక్రాల మీద రోడ్డెక్కుతుంది కూడా. ఇండియాలో ఇలాంటి కారున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి పాతకాలపు బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబర్ రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ నంబర్ బండిని రోజువారీ తిరగడానికీ వాడకూడదు.

పోయిన ఆదివారం మావాడి ఇంటికి వెళ్లి టార్చి పట్టుకుని కారు కిందికి దూరా. కుడి వెనక ఫెండర్ అడుగున వేలు పెట్టి చూస్తే గట్టిపడిన నల్ల చుక్కలు వరసగా నాలుగు. వాణ్ణి కూడా పిలిచి వాడి వేలితో తడిమించా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పెయింట్ షాపు అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేస్తా అన్నా" అన్నాడు. బ్రాంజ్ వాషర్లు ఆర్డర్ పెట్టాం, ఈ శనివారం వెనక యాక్సిల్ దించుతున్నాం.