బ్యాంకాక్, బాలి, కౌలాలంపూర్: వీసా తీసుకోకుండా ఎన్నాళ్లు ఉండొచ్చు?

నల్లగొండ, పాలమూరు నుంచి పోయేవాళ్లలో ఎక్కువమంది అయిదారు రాత్రుల ప్యాకేజీ ముగించుకుని వచ్చేస్తారు. వాళ్లకు 30 రోజులైనా 60 రోజులైనా ఒకటే. అక్కడ ఉద్యోగం చేసే పిల్లల దగ్గర నెలో రెండు నెలలో ఉందామని బయల్దేరే అమ్మానాన్నలు మాత్రం తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే.

అందుకు అనువైనది థాయ్‌లాండ్. 2024 జూలై 15 నుంచి భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు. ఇలాంటి సడలింపులు మారుతూనే ఉంటాయి, టికెట్ కొనే ముందు ఎంబసీ సైటు చూడండి. దిగాక మాత్రం పాస్‌పోర్టులో పడ్డ ముద్రే ప్రమాణం. అందులో రెండు తేదీలుంటాయి: 'అడ్మిటెడ్' దగ్గర దిగిన రోజు, 'అంటిల్' దగ్గర ఆఖరి రోజు. దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. శంషాబాద్‌లో రాత్రి ఎక్కి జూన్ 1 తెల్లవారుజామున దిగితే జూలై 30తో గడువు తీరిపోతుంది. రెండు నెలలే కదా అని ఆగస్టు 1కి రిటర్న్ తీస్తే రెండు రోజులు ఎక్కువైనట్టే. జరిమానా రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000. దిగడానికి ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. దానికి పైసలడిగే సైటు కనబడితే మూసేయండి.

ఇంకా ఉండాలంటే ఇమిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాత్ కట్టి మరో 30 రోజులు అడగొచ్చు. బస సంగతి ఇక్కడే తేలుతుంది. విదేశీయులు తన ఇంట్లో దిగిన 24 గంటల్లో యజమాని ఆ సంగతి టీఎం 30 అనే ఫారంలో ఇమిగ్రేషన్‌కు తెలపాలి. హోటల్ వాళ్లు అడగకుండానే ఆ పని చేస్తారు. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఓనరు పట్టించుకోకపోతే పొడిగింపు కౌంటర్ దగ్గర ఫైలు ఆగిపోతుంది. కిరాయి మాట్లాడేటప్పుడే అడిగి ఆ రసీదు తీసుకోండి.

ఇండోనేసియాలోని బాలిలో ఉచితమేమీ లేదు. వీసా ఆన్ అరైవల్ 5,00,000 రూపియా, 30 రోజులు, ఒక్కసారి మరో 30 పొడిగిస్తారు. పర్యాటక రుసుము 1,50,000 దానికి అదనం. గడువు దాటితే రోజుకు 10,00,000 రూపియా, అంటే థాయ్ జరిమానా దీని ముందు చిల్లర. నెల లోపు విహారానికైతే బాలి బాగుంటుంది, పిల్లల దగ్గర కాలక్షేపానికి కాదు.

మలేసియా 30 రోజులు వీసా లేకుండా రానిస్తుంది. ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు ప్రకటించారు. అక్కడా దిగడానికి ముందు మూడు రోజుల్లో అరైవల్ కార్డు నింపక తప్పదు. నేపాల్‌కు రోజుల పరిమితే లేదు గానీ విమానంలో పోయే 15 నుంచి 65 ఏళ్ల వాళ్లు పాస్‌పోర్టో ఓటరు కార్డో చూపాలి. వాళ్లు ఒక్క ఆధార్ పట్టుకుని పోతే శంషాబాద్ నుంచే వెనక్కి రావాలి.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) అని ఉంటుంది. అలాంటి వాళ్లు పనికి పోవాలంటే ముందే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సిన దేశాల జాబితాలో థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా మూడూ ఉన్నాయి. పర్యాటకులకు ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు గానీ రిటర్న్ టికెట్, బస బుకింగ్ కాగితాలు చేతిలో ఉంచుకోవాలి, ప్రశ్నలు ఎక్కువే వస్తాయి. "ముందు విజిట్ మీద పో, అక్కడ పని వీసాకు మార్పిస్తా" అనే ఏజెంటు మాట నమ్మి ఆగం కావొద్దు. పర్యాటక ముద్ర మీద ఒక్క రోజు కూలికి పోయినా నేరమే.